డాలస్ ఎన్ని గంటల దూరం?

ఈ వారం ఉత్తరం తెనాలి నుంచి వచ్చింది. రాసినావిడకు 63 ఏళ్ళు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడ కూతురు, అల్లుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. కూతురికి తొలి కాన్పు. జనవరి మూడో వారంలో డేట్ ఇచ్చారు. అమ్మ రావాల్సిందేనని అమ్మాయి పట్టు. వీసా ఎప్పుడో తీసుకున్నదే, ఇంకా చాలా ఏళ్ళు ఉంది. ఇబ్బంది ఇంట్లో ఉంది. భర్తకు 70 ఏళ్ళు, పదేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్నారు, కిందటేడు గుండెకు స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగానే తిరుగుతున్నారు. కానీ "అన్ని గంటలు ఒకేచోట కూర్చోవడం నావల్ల కాదు, నువ్వెళ్ళిరా" అంటారు. పోనీ హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉండమంటే "ఆ పదకొండో అంతస్తులో నేనుండలేను" అంటారు. కొడుకేమో అమ్మను పంపడానికే ఒప్పుకోవడం లేదు. మోకాళ్ళ నొప్పులు, బీపీ, ఇంగ్లీషు అంతంతమాత్రం, మధ్యలో ఫ్లైట్ మారాలి, ఒక్కదానివే ఎలా వెళ్తావంటాడు. ఈ మాట తెలిసి కూతురు ఫోన్లో అన్నదట: "అన్నయ్య పిల్లలు పుట్టినప్పుడు ఆర్నెల్లు అక్కడే ఉన్నావు కదమ్మా. నా దగ్గరికి వచ్చేసరికి లెక్కలు వేస్తున్నావా?"

లెక్కలు నిజంగానే వేశారు. ఆవిడ మాటల్లోనే: "అల్లుడు ఇంటర్నెట్‌లో చూసి హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కిలోమీటర్లు, పదిహేడు గంటలు అన్నాడు. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కాగితంలో తెల్లవారుజామున 3.50కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 4 గంటలకు దిగుతానని ఉంది. తీసివేస్తే పన్నెండు గంటల పది నిమిషాలే. మా అబ్బాయి ముప్పై ఆరు గంటలు పడుతుందంటాడు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఈ లెక్క మాత్రం తేల్చలేకపోతున్నాను. ఏది నిజం? నన్ను వెళ్ళమంటారా, వద్దంటారా?"

ఉత్తరం చివరి పేజీలో, సంతకం కింద, చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. "నేను అక్కడ ఉన్నప్పుడు ఆయనకు ఏదైనా అయితే ఎంతసేపట్లో రాగలను?"

అమ్మా, ముందు మీ లెక్క తేల్చుకుందాం. అది తేలకపోతే మిగతాది మీ చెవికెక్కదు.

మీరు విన్న మూడు అంకెలూ తప్పు కాదు. మూడూ మూడు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. ఏజెంటు కాగితంతో మొదలుపెడదాం. టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. బయలుదేరే టైము మనది, దిగే టైము వాళ్ళది. చలికాలంలో డాలస్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. (మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్ళు గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటారు, అప్పుడు తేడా పదిన్నరే.) మీకు వచ్చిన పన్నెండు గంటల పది నిమిషాలకు ఈ పదకొండున్నర కలపండి. ఇరవై మూడు గంటల నలభై నిమిషాలు. హైదరాబాద్‌లో విమానం కదిలినప్పటి నుంచి డాలస్‌లో దిగేదాకా పట్టేది అది. మీ కాగితం ప్రకారం ఖతార్ రాజధాని దోహా దాకా నాలుగుంపావు గంటలు, అక్కడ దాదాపు మూడు గంటల ఆగుడు, అక్కడి నుంచి డాలస్‌కు పదహారున్నర. కూడి చూసుకోండి, సరిపోతుంది.

ఇక అల్లుడుగారి 14,400. అది అబద్ధం కాదు. శంషాబాద్ నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టుకు భూమి మీద ఉండగలిగిన అతి దగ్గర దారి అంతే. గోడమీది మ్యాపు చూస్తే ఆ దారి అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుందనిపిస్తుంది. మీ మనవల దగ్గర గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస, డాలస్ మీద ఒక కొస పెట్టి బిగించి లాగండి. దారం నెట్టనిలువుగా పైకి పోయి, ఉత్తర ధ్రువానికి అయిదు వందల కిలోమీటర్ల దగ్గర్లోంచి అవతలి వైపు దిగుతుంది. మనం 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి ఉన్నాం, వాళ్ళు 97 డిగ్రీల పశ్చిమాన ఉన్నారు. కూడితే 175 డిగ్రీల పైనే. భూగోళానికి దాదాపు ఎదురెదురు పక్కలన్నమాట. అందుకే తూర్పుగా వెళ్ళినా పడమరగా వెళ్ళినా చుట్టే, ధ్రువం పక్కగా పోతేనే దగ్గర. వెబ్‌సైట్లు ఈ దూరాన్ని తీసుకుని, విమానం గంటకు 850 కిలోమీటర్లు పోతుందనుకుని భాగిస్తాయి. పదిహేడు వస్తుంది. భాగహారం కరెక్టే, విమానమే లేదు.

అంత దూరం ఆగకుండా పోగల విమానాలు లేకపోలేదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటల పైన ఒకే ఊపులో వెళ్తున్నాయి. 2021లో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా నడిపింది కూడా, తర్వాత అది ఆగిపోయింది. డాలస్‌కు మాత్రం ఎక్కడో ఒకచోట దిగి మారక తప్పదు. అలా మారడం వల్ల దూరం మీరనుకున్నంత ఏమీ పెరగదు. దోహా దాకా 2,900, అక్కడి నుంచి డాలస్‌కు 12,750, మొత్తం 15,650 కిలోమీటర్లు. అతి దగ్గర దారి కన్నా పన్నెండు వందల యాభై ఎక్కువ. దుబాయ్ మీదుగా అయితే ఇంకాస్త తక్కువే. గల్ఫ్ దేశాలు మన దారిలోనే ఉన్నాయి కాబట్టి చుట్టు తిరుగుడు తక్కువ. సమయం తినేది దూరం కాదు, మధ్యలో ఆగుడు.

మీ అబ్బాయి చెప్పిన ముప్పై ఆరు? అతనే అందరికన్నా నిజానికి దగ్గరగా ఉన్నాడు. తెనాలిలో ఇంటి గడప దాటి శంషాబాద్‌కు కారులో అయిదారు గంటలు, విమానానికి మూడు నాలుగు గంటల ముందు అక్కడ ఉండటం, ఆ ఇరవై మూడు గంటల నలభై నిమిషాలు, డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ క్యూ, సూట్‌కేసుల కోసం ఎదురుచూపు, ఫ్రిస్కోకు కారు. అన్నీ కలిపితే ముప్పై ఆరు అవుతుంది, ఓ గంట అటూ ఇటూ. కాకపోతే అతను ఆ అంకెను మిమ్మల్ని భయపెట్టడానికి వాడుతున్నాడు, అల్లుడు పదిహేడును ధైర్యం చెప్పడానికి వాడుతున్నాడు. మీ మీద ప్రేమ ఇద్దరికీ ఉంది, అంకెలే ఎవరికి కావలసినవి వాళ్ళు ఏరుకున్నారు.

ఇప్పుడు సంతకం కింద రాసిన ఆ వాక్యానికి వద్దాం. ఆరు పేజీల ఉత్తరంలో అసలు ప్రశ్న అదేనని నాకనిపించింది. మీకు వెళ్ళే దూరం సమస్య కాదు, తిరిగొచ్చే దూరం సమస్య.

దానికి నిజాయితీగా చెప్పాల్సిన జవాబు: ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజులు. తిరుగు ప్రయాణంలో విమానం కాస్త త్వరగానే వస్తుంది. పైన పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. అందుకే డాలస్ నుంచి దోహాకు పద్నాలుగున్నర గంటల్లో వచ్చేస్తుంది. కానీ ఈసారి గడియారం మీకు వ్యతిరేకంగా తిరుగుతుంది. శనివారం సాయంత్రం డాలస్‌లో ఎక్కితే హైదరాబాద్‌లో దిగేది సోమవారం తెల్లవారుజామున. దానికి ముందు ఫోన్ రావడం, ఆ రోజుకు సీటు దొరకడం, సూట్‌కేసు సర్దుకోవడం. దాని తర్వాత శంషాబాద్ నుంచి గుంటూరో విజయవాడో, ఆయన ఏ ఆస్పత్రిలో ఉంటే అక్కడికి రోడ్డు ప్రయాణం. పండగ సీజన్లో ఆ రోజుకు సీటు దొరక్కపోవచ్చు కూడా. ఆకాశంలో దారులు మూసేసే రోజులూ ఉంటున్నాయి. 2025 జూన్ 23 రాత్రి ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేస్తే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలంలోకి మన విమానాలను రానివ్వడం మానేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా ప్రయాణాలు పొడుగయ్యాయి. కాబట్టి ఏ ఏజెంటు "ఇరవై రెండు గంటల్లో వచ్చేయొచ్చమ్మా" అన్నా నమ్మకండి. రెండు రోజులని పెట్టుకోండి.

ఇది చదివి గుండె జారిపోయి ఉంటుంది. ఒక్క నిమిషం ఆగి ఇంకో కోణంలో చూడండి. గుండెపోటు వచ్చినా, రాత్రి షుగర్ పడిపోయినా ప్రాణం నిలబెట్టేది మొదటి గంట, రెండు గంటలు. ఆ గంటలో మీరు డాలస్‌లో ఉన్నా ఒకటే, హైదరాబాద్‌లో కొడుకు ఇంట్లో ఉన్నా ఒకటే. అక్కడి నుంచి కూడా అయిదారు గంటల దూరమే కదా. అన్నయ్య పిల్లల కోసం ఆర్నెల్లు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆయన తెనాలిలో ఒక్కరే ఉన్నారా? అప్పుడు స్టెంట్ లేదంటారు, ఒప్పుకుంటాను. కానీ నేను చెప్పేది ఏమిటంటే, ఆ మొదటి గంటకు ఏర్పాటు మీరు ఎక్కడ ఉన్నా చేయాల్సిందే, కూరగాయలకు బజారుకు వెళ్ళినా సరే. రెండు రోజుల దూరం దెబ్బతీసేది ఆ తర్వాతి ఘట్టాన్ని: ఐసీయూ బయట కూర్చోవడం, డాక్టరుతో మాట్లాడటం, సంతకం పెట్టడం. అది మీ అబ్బాయి చేయగలడు. చేయగలడా, చేస్తాడా అన్నది అతనితో తేల్చుకోవాల్సిన సంగతి. నన్నడిగితే అమ్మ ప్రయాణం గురించి అతను చేస్తున్న వాదనలో సగం ఈ భారం గురించే. నోరు తెరిచి ఆ మాట అనలేక మీ మోకాళ్ళ మీద, ఇంగ్లీషు మీద పెడుతున్నాడేమో. తప్పుపట్టకండి. "నాన్నను నేను చూసుకోగలనా" అనే భయం ఏ కొడుక్కైనా ఉంటుంది.

వెళ్ళాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. మీ ముందున్న దారులు, వాటిలో దేనికి ఏం ఖర్చవుతుందో మాత్రం నాకు తోచినంత చెబుతాను. డబ్బు ఖర్చు గురించి కాదు.

మొదటిది, అమ్మాయి అడిగినట్టే డిసెంబరు చివర్లో వెళ్ళి అయిదారు నెలలు ఉండటం. మన వాళ్ళు ఎక్కువమంది చేసేది ఇదే. అమెరికాలో దిగేటప్పుడు ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు విజిటర్లకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు కాబట్టి, ఇచ్చారు కదా అని ఉండిపోతారు. తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి తెచ్చుకోవడం మన ఆనవాయితీ. ఇప్పుడది తిరగబడి పుట్టిల్లే సూట్‌కేసులు పట్టుకుని వెళ్తోంది. మీ అమ్మాయికి ఇది కొండంత అండ. కానీ మీవారి వైపు నుంచి చూస్తే స్టెంట్ పడ్డ మనిషికి ఆరు నెలల ఒంటరితనం చిన్నది కాదు. తిండి మారుతుంది, మాత్రలు అటూ ఇటూ అవుతాయి. స్టెంట్ తర్వాత రక్తం పలుచన చేసే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు మానినా ప్రమాదం. ఇన్నాళ్ళూ ఆ డబ్బా తెరిచి చేతిలో పెట్టింది మీరే అయ్యుంటారని నా అనుమానం.

రెండోది, తక్కువ రోజులకు వెళ్ళడం. అసలు మీ అవసరం ఎప్పుడు ఎక్కువో చూడండి. అమెరికాలో మామూలు కాన్పు అయితే రెండు రోజులకు, ఆపరేషన్ అయితే నాలుగు రోజులకు ఇంటికి పంపేస్తారు. ఆ దేశపు చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ వాళ్ళు కనీసం 48 గంటలు, 96 గంటలు ఇవ్వాలి, సాధారణంగా అంతకు మించి ఉంచరు. ఆస్పత్రిలో నర్సులుంటారు. ఇంటికొచ్చిన రోజు నుంచి బాలింతకు, ఆ పసిగుడ్డుకు, నిద్రలేని అల్లుడికి కలిపి మీరే. ఆ మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు కీలకం. జనవరి మొదటి వారంలో చేరి, మార్చి మధ్యలో తిరిగొస్తే ఆ గడువు మొత్తం మీరున్నట్టే. ఆ తర్వాత వియ్యపురాలు అందుకుంటారేమో అడగండి, ఉత్తరంలో ఆవిడ ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే తొలి కాన్పు ఇచ్చిన డేటుకే అవుతుందని లేదు. రెండు వారాలు ముందుకు జరిగితే మీరు విమానంలో ఉండగా మనవడో మనవరాలో పుట్టేయొచ్చు. అది ఫర్వాలేదు అనుకునే మనసు ఉండాలి మీ ఇద్దరికీ. ఇంకో మాట, చేరిన వారం పది రోజులు మీ ఒళ్ళు పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. కాన్పు కాకముందైతే అది ఇబ్బంది. కాన్పు అయ్యాక రాత్రి రెండింటికి మెలకువగా, చురుగ్గా ఉండే మనిషి కంటే ఆ ఇంటికి కావాల్సింది ఇంకేముంటుంది!

మూడోది, వియ్యపురాలు ముందు వెళ్ళి మీరు మార్చిలో వెళ్ళడం. మీవారిని ఈలోపు డాక్టరుకు చూపించుకోవచ్చు, ఏర్పాట్లు నిదానంగా కుదురుతాయి, పండగ సీజన్ టికెట్ల గోల ఉండదు. కాగితం మీద అన్నిటికన్నా తెలివైన పథకం ఇదే. అయినా దీన్ని మీకు గట్టిగా చెప్పలేకపోతున్నాను. "అన్నయ్యకైతే వెళ్ళావు" అన్న మాటకు ఇది జవాబు కాదు, ఆ మాటను నిజం చేయడం. అమ్మాయి సర్దుకుంటుంది, కానీ గుర్తుంచుకుంటుంది. అత్తగారితో ఆమెకు చనువు బాగా ఉంటే నా మాట పక్కన పెట్టేయండి.

నాలుగోది, ఇద్దరూ కలిసి వెళ్ళడం. మీవారు రానన్నది డాక్టరు మాటా, ఆయన మాటా? స్టెంట్ పడి ఏడాది గడిచి, నిలకడగా ఉన్న చాలామందికి గుండె డాక్టర్లు విమానం ఎక్కడానికి ఒప్పుకుంటారు. ఇన్సులిన్ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. పడమటికి వెళ్తే రోజు పొడుగవుతుంది, తిరిగొచ్చేటప్పుడు కుంచించుకుపోతుంది. ఏ డోసు ఎప్పుడన్నది డాక్టరు కాగితం మీద రాసివ్వాలి. ఆయన అక్కడ ఉంటే మీ భయం తీరుతుంది, కానీ అక్కడ ఏదైనా అయితే ఆస్పత్రి బిల్లు ఊహకు అందదు, పాత జబ్బులకు విజిటర్ ఇన్సూరెన్స్ కవర్ చేసేది చాలా తక్కువ. పైగా బాలింత ఇంట్లో మీరు ఇద్దరు రోగులను చూసుకుంటున్నట్టవుతుంది. ఆయన నడవలేని మంచులో ఇంట్లో కూర్చుని చిరాకు పడతారు. డాలస్‌లో మంచు తక్కువే, చిరాకుకు అది చాలు.

అసలు వెళ్ళకపోవడం అనే దారీ ఉంది. డాలస్‌లో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు, వంటకు, బాలింత పనికి మనవాళ్ళే దొరుకుతారు, డబ్బిస్తే పని జరుగుతుంది. మీ ఉత్తరం చదివాక మాత్రం ఇందులో మీకు మనశ్శాంతి దొరుకుతుందని నాకనిపించలేదు.

నా మొగ్గు రెండోదాని వైపు ఉందని ఈపాటికి మీకర్థమయ్యే ఉంటుంది. కానీ దానికి ఒక షరతు ఉంది. మీరు వెళ్ళే ముందే తెనాలి ఇంట్లో రాత్రిపూట ఇంకో మనిషి పడుకోవాలి. పగలు పనిమనిషి వస్తుంది, వంటమనిషి వస్తుంది అంటారు. షుగర్ రాత్రిపూట కూడా పడిపోవచ్చు. దూరపు బంధువుల కుర్రాడెవరైనా కావొచ్చు, జీతానికి మనిషి కావొచ్చు. పక్కింట్లో ఒక తాళంచెవి, ఫ్రిజ్ మీద మందుల జాబితా, డాక్టరు నంబరు, 108. స్టెంట్ వేసినప్పటి రిపోర్టులు ఒకే ఫైల్లో, ఆ ఫైలు ఎక్కడుందో ముగ్గురికి తెలిసేలా. ఈ ఏర్పాటు మీరు ఊళ్ళో ఉండగానే రెండు మూడు వారాలు నడవనివ్వండి. ఆయన విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. కుర్రాడు నిలవకపోతే ఇప్పుడే తెలిసిపోతుంది, మీరు అట్లాంటిక్ అవతల ఉన్నప్పుడు కాదు. ఎవరూ దొరకలేదా, అప్పుడు ఆ రెండు నెలలూ కొడుకు దగ్గర ఉండటం గురించి ఆయనతో మళ్ళీ మాట్లాడండి. "మీకోసం ఉండమనడం లేదు, నేను నిశ్చింతగా వెళ్ళడం కోసం ఉండండి" అంటే పదకొండో అంతస్తు కాస్త కిందికి దిగొచ్చు.

ప్రయాణం సంగతికొస్తే, మీరు ఒక్కరే వెళ్ళగలరా అన్న అనుమానం నాకు లేదు. దారి సరిగ్గా ఎంచుకుంటే చాలు. ఒకే టికెట్ మీద, ఒక్కసారి మాత్రమే విమానం మారే దారి తీసుకోండి. గల్ఫ్ మీదుగా నేరుగా డాలస్‌లోనే దిగితే ఇమ్మిగ్రేషన్ కూడా అక్కడే, సూట్‌కేసులు కూడా అక్కడే. బయట అల్లుడు నిలబడి ఉంటాడు. అదే న్యూయార్కో షికాగోనో దిగి అక్కడి నుంచి డాలస్ వెళ్ళే టికెట్ అయితే, మొదట దిగిన ఊళ్ళోనే సామాను తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించి, ఇంకో టెర్మినల్ వెతుక్కోవాలి. పది వేలు తక్కువకు వస్తోందని ఏజెంటు అలాంటిది అంటగడితే వద్దనండి. గన్నవరం నుంచి హైదరాబాద్‌కు విడిగా విమానం టికెట్ కొనుక్కోవడం కూడా నాకు నచ్చదు. ఆ చిన్న విమానం ఆలస్యమైతే పెద్ద విమానం వాళ్ళకు బాధ్యత ఉండదు. ముందురోజే కొడుకు ఇంటికి చేరి నిద్రపోయి బయలుదేరితే ముప్పై ఆరు గంటల్లోంచి ఆ రోడ్డు ప్రయాణం విడిపోతుంది.

మధ్యలో ఆగే సమయం రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉంటే మీకు సరిగ్గా ఉంటుంది. గంటంపావు అయితే మోకాళ్ళతో పరుగు, తొమ్మిది గంటలైతే కుర్చీలో నరకం. వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడగండి, కనీసం 48 గంటల ముందైనా చెప్పాలి. నడవగలిగినవాళ్ళు వీల్‌చెయిర్ తీసుకోవచ్చా అని మీరు రాసిన ఇబ్బంది మెచ్చుకోదగ్గదే. కానీ మోకాళ్ళ నొప్పితో ఆ పొడవాటి కారిడార్లు నడవడం కష్టమే, మీకు అది అబద్ధం కాదు. తోసేవారే సరైన గేటుకు తీసుకెళ్తారు కాబట్టి ఇంగ్లీషు బెంగ కూడా సగం తీరుతుంది. ఆ విమానాల్లో మనవాళ్ళు చాలామందే ఉంటారు, మాట కలపండి.

పదహారున్నర గంటల ఆ రెండో విమానం మాత్రం ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోవాల్సిన ప్రయాణం. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నడవా పక్క సీటు తీసుకోండి, మెలకువగా ఉన్నప్పుడు గంటకో గంటన్నరకో లేచి నాలుగడుగులు వేయండి. కూర్చునే మడమలు పైకీ కిందకీ ఆడించండి. మోకాలి కింద దాకా వచ్చే బిగుతు సాక్సులు వేసుకోవచ్చా అని మీ డాక్టరునడగండి. లోపల గాలి బాగా పొడిగా ఉంటుంది, నీళ్ళు తాగుతుండాలి. బాత్రూముకు లేవాల్సొస్తుందని నీళ్ళు మానేయడం మన ఆడవాళ్ళకు అలవాటు, అక్కడ అది పనికిరాదు. బీపీ మాత్రలు చేతి సంచీలో, చీటీతో సహా. ఎప్పుడు వేసుకోవాలో ముందే రాసుకోండి.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు ఎందుకొచ్చారు, ఎక్కడుంటారు, ఎన్నాళ్ళని అడుగుతారు. కూతురి దగ్గరికి, పుట్టబోయే బిడ్డను చూడటానికి, రెండు నెలలకని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇదే సంగతి అడ్రసుతో సహా అమ్మాయి చేత ఇంగ్లీషులో ఒక పేజీ రాయించుకుని పాస్‌పోర్టుతో పెట్టుకోండి. ఊరగాయలు, పొడులు తీసుకెళ్ళినప్పుడు ఫారంలోనో నోటితోనో చెప్పేయండి. పచ్చి కరివేపాకు మాత్రం పెట్టకండి, అది వాళ్ళు రానివ్వరు. బాలింత కాయం తీసుకెళ్తే తినిపించే ముందు అమ్మాయి డాక్టరుకు చూపించండి.

అమ్మాయితో ఒక మాట మాట్లాడాలి, అది ఈ వారంలోనే. "వెళ్ళాలా వద్దా అని లెక్క వేయడం లేదు, నాన్నను వదిలి రావడానికి దారి వెతుకుతున్నాను" అని చెప్పండి. ఉత్తరంలో నాకు రాసినంత వివరంగా తనకు చెప్పారా? చెప్పి ఉండరు. కడుపుతో ఉన్న పిల్లకు టెన్షన్ ఎందుకని నాన్న ఆరోగ్యం గురించి దాచి ఉంటారు. దాచడం వల్లే ఆమెకు మీ తటపటాయింపు ఒక్కటే కనిపిస్తోంది, దాని వెనక ఉన్నది కనిపించడం లేదు.

టికెట్ కొనే ముందు మీవారిని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, మీ అబ్బాయిని కూడా ఆ గదిలో కూర్చోబెట్టండి. రెండు నెలలు మీరు లేకుండా ఉండొచ్చా, మాత్రల్లో ఏం మారతాయి, ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలి అని అతని చేతనే అడిగించండి. డాక్టరు వద్దంటే మూడోదో అయిదోదో మిగులుతుంది, అది కూడా తేలిపోవడమే. సరేనంటే అప్పుడు ఏజెంటుకు ఫోన్ చేసి, తిరుగు తేదీ ఎప్పుడైనా మార్చుకోగలిగే టికెట్టే అడగండి. కాస్త ఎక్కువ పడుతుంది. మీరు కొనుక్కుంటున్నది ఆ రెండు రోజుల్ని మూడో నాలుగో కాకుండా చూసుకునే వీలును కాబట్టి, దానికి బేరమాడకండి.